రెండుసార్లు తడితే చాలు

వంటింటి అరలు ఎవరికి నచ్చినట్టు సర్దాలన్న గొడవతో పొద్దుటి నుంచీ మాటల్లేని అత్తాకోడళ్లు, జిమ్ మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు. కోడలిది బాక్సింగ్, అత్తగారిది కుస్తీ. కోడలే ఉండబట్టలేకపోయింది.

"నెలైంది అత్తయ్యా, ఇంకా మాచేత సంచినే గుద్దిస్తున్నారు. ఎదురుగా మనిషిని నిలబెట్టనే లేదు!"

"మాకు మొదటిరోజే మనిషిని మీద పడేశారమ్మా."

"అమ్మో! ఊపిరాడకపోతే?"

"ఓడిపోయానని ఎదుటివాళ్లని రెండుసార్లు తట్టాలి, వెంటనే వదిలేస్తారు. మాకు మొదటి పాఠమే అది."

"మీరు ఓడిపోయానని ఒప్పుకున్నారా?"

"ఇవాళ పదకొండుసార్లు!"

కోడలికి నవ్వాగలేదు. "ఇంట్లో ఒక్కసారైనా చూడలేదే!"

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించి, కోడలి భుజం మీద రెండుసార్లు తట్టింది.

"అరలు నీ ఇష్టమే."

"సరే, వదిలేశాను!" అంటూ కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని లేపింది.