నాగులు పేరు మీద చలానా

విజయవాడ ఆటోనగర్‌లో శౌరయ్య మెకానిక్ షెడ్డు. పటమటలో చేపల అమ్మకం ముగించుకుని, మధ్యాహ్నం పూట అంకాలమ్మ నేరుగా అక్కడికి వచ్చింది.

“చచ్చిపోయిన మనిషి సీటు బెల్టు పెట్టుకోలేదంట అన్నా. మొన్న మంగళవారం, హనుమాన్ జంక్షన్ దగ్గర.”

“ఎవరు చెల్లెమ్మా?”

“ఇంకెవరు, మా ఆయనే. నాగులు పేరు మీద చలానా వచ్చింది.”

“ఎండన పడి వచ్చావు. ముందు కూర్చో, మంచినీళ్ళు తాగు.”

“నీళ్ళు తర్వాత. ఇదిగో, ఆయన ఫోనే ఇది. రెండేళ్ళ నుంచి చార్జింగ్ పెడతానే ఉన్నాను, ఆయన కోసం ఎవరన్నా చేస్తారేమోనని. ఎవరూ చెయ్యలా. ఇప్పుడు పోలీసోళ్ళు మెసేజ్ పెట్టారు.”

“అదా... కంప్యూటర్లో తప్పు పడుంటది. ఒకళ్ళది ఒకళ్ళకి వచ్చేస్తన్నాయి ఈ మధ్య. మా తెరేసమ్మకి ఎవడిదో గుంటూరోడి మోటార్ సైకిల్ చలానా వచ్చింది, తెలుసా?”

“మా అమ్మాయి ఉష కూడా ముందు అట్టాగే అంది. తర్వాత దాన్ని నొక్కితే ఫోటో వచ్చింది. చూడు.”

“కళ్ళజోడు లోపలుంది.”

“నెత్తి మీద ఉంది.”

“ఆఁ... ఇది నీలం బండి చెల్లెమ్మా. నాగులు పికప్పు తెల్లది కదా.”

“తెల్లదే. నంబరు చదువు.”

“మసగ్గా ఉంది.”

“చదువు రానిదాన్ని, నాకే కనపడతంది. పన్నెండు దసరాలు ఆ నంబరు ప్లేటుకి పసుపు రాశాను నేను. అంకెలు పలకటం రాదు గానీ వాటి వాటం తెలుసు నాకు. అది మా బండి నంబరు అవునా, కాదా?”

“తెరేసమ్మ కూడా మొన్న నిన్ను గురించే...”

“అన్నా. నంబరు.”

“అవును. మీదే.”

“మా బండిని కోసెయ్యమన్నాను కదా నేను. ఇక్కడే, ఈ షెడ్డులోనే నిలబడి చెప్పాను. గ్యాసు పెట్టి ముక్కలు కోసి పాత ఇనుముకి వేసెయ్యమన్నాను. ఇంకో ఆడది నాలాగా కాకూడదన్నాను. నువ్వు సరేనన్నావు.”

“అన్నాను.”

“కోశావా?”

“కోశాను. క్యాబిన్ కోశాను.”

“క్యాబిన్ కోశావు. మిగతాది?”

“కాలవలోంచి క్రేనుతో లాగేటప్పటికే క్యాబిన్ నలిగిపోయింది కదా. దాన్ని నా చేత్తోనే ముక్కలు చేశాను. నాగులు కూర్చునే సీటు కూడా...”

“మిగతాది ఏదన్నా?”

“ఛాసిస్ ఉంచాను.”

“నాకు అర్థమయ్యేట్టు చెప్పు.”

“క్యాబిన్ కింద పొడుగ్గా రెండు ఇనప దూలాలుంటాయి చూడు. ఇంజనూ, చక్రాలూ, వెనక తొట్టీ, అన్నీ దాని మీదే కూర్చుంటాయి. అది చెక్కు చెదరలా. సరిగ్గా అప్పుడే చక్రి అని, అవనిగడ్డ మనిషి, రొయ్యల బండి తెచ్చాడు. ఉప్పునీళ్ళు కారి కారి అతని ఛాసిస్సంతా తుప్పు తినేసింది. వేలు పెట్టి పొడిస్తే రాలిపోతంది. పైన క్యాబిన్ మాత్రం కొత్తదానిలా ఉంది. నా దగ్గరేమో కిందది ఉంది, పైది లేదు. అతనికి పైది ఉంది, కిందది లేదు.”

“మా దాని మీద అతనిది ఎక్కించావు.”

“ఎక్కించాను.”

“నీలం రంగు అతనిది. నంబరు మాది.”

“ఛాసిస్ మీద ఒక నంబరు కొట్టి ఉంటది చెల్లెమ్మా, ప్లేటు నంబరు దాన్ని బట్టే ఇస్తారు. ఆఫీసోళ్ళ లెక్కలో బండంటే అదే. క్యాబినంటే వాళ్ళకి చొక్కా లాంటిది. అందుకని నాగులు కాగితాలతోనే తిరుగుతంది. రద్దు చేయించమని నువ్వు నాకిచ్చిన కాగితాలు... చక్రికిచ్చాను. పేరు మార్పించుకుంటానని అతను అడుగుతానే ఉన్నాడు. నేనే ఆపాను.”

“ఎందుకాపావు?”

“దానికి నీ వేలిముద్ర కావాలి. నీ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని రాను?”

“మరి ఇనుము డబ్బులని తెచ్చి ఇచ్చావు?”

“చక్రి ఇచ్చిందే అది. మొత్తం నీకే ఇచ్చాను. అందులో నేను ముట్టుకుంది లేదు.”

“ప్రతి ఆదివారం తెరేసమ్మ వదిన వచ్చి నా దగ్గర చేపలు కొంటంది. నువ్వు స్కూటరు దిగవు. రోడ్డవతలే ఉండి అటెటో చూస్తా ఉంటావు. అన్నకి నా మీద కోపమేమో అనుకున్నాను.”

“నీ మీద నాకేం కోపం తల్లీ.”

“అది మనిషిని చంపిన బండి అన్నా. స్టీరింగు విరిగి చంపింది. నువ్వే చెప్పావు. కాలవ గట్టు మీద ఆయన్ని పడుకోబెట్టి ఉంటే, అందరి ముందూ చెప్పావు. అట్టాంటిదాన్ని రంగు మార్చి ఇంకొకళ్ళకి అంటగడతావా? ఆ చక్రికి పెళ్ళాం పిల్లలు లేరా?”

“ఉన్నారు. ఇద్దరు పిల్లలు.”

“నీకు చేతులెట్టా వచ్చినయ్యి?”

“దానికేం కాదు చెల్లెమ్మా.”

“ఇవాళ కాలేదు. రేపు? రేపు మళ్ళీ విరిగితే?”

“అది కాదు. అసలు...”

“ఏంటి అసలు? చెప్పు.”

“అసలు విరగలేదు.”

“ఏది?”

“స్టీరింగు. ఆ రోజు కూడా విరగలేదు. నేను అబద్ధం చెప్పాను.”

“...అబద్ధమా?”

“ఇక్కడికి తెచ్చాక ఒక్కో బోల్టూ విప్పి చూశాను. స్టీరింగు రాడ్డు బాగుంది. బ్రేకులు బాగున్నాయి. టైర్లు కూడా. అసలు గట్టు మీదే తెలిసిపోయింది నాకు. రోడ్డు మీద టైరు గీసుకున్న జాడ ఎక్కడా లేదు. మలుపు దగ్గర తిప్పనే లేదు, తిన్నగా కాలవలోకి వెళ్ళిపోయింది. గేరు చూస్తే టాప్‌లో ఉంది. మెలకువగా ఉన్నవాడైతే బ్రేకన్నా తొక్కుతాడు కదా.”

“అంటే?”

“నిద్రపోయాడు చెల్లెమ్మా. స్టీరింగు మీదే నిద్రపోయాడు.”

“మరెందుకు చెప్పావు అట్టా?”

“గట్టు మీద జనం తాగి నడిపాడంటన్నారు. నాగులు చుక్క ముట్టడని నాకు తెలుసు. ఇటు చూస్తే నువ్వు నా చొక్కా పట్టుకుని వదలవు. ‘బండికేమైంది, బండికేమైంది’ అనే తప్ప ఇంకో మాట లేదు నీ నోట. ఏదో ఒకటి చెప్పాలి. స్టీరింగు విరిగిందన్నాను. అప్పుడు వదిలావు చొక్కా.”

“ఆ బండి రిపేరు చేసేది నువ్వే. నీ పేరు నువ్వే పోగొట్టుకున్నావు.”

“పోయింది కొంత. శౌరయ్య చేసిన బండి స్టీరింగు విరిగిందంట అని నాలుగైదు నెలలు బళ్ళు రాలేదు. దానికి నేను బాధపడలా. నువ్వు కోసెయ్యమన్నప్పుడే ఇరుక్కుపోయాను. కట్టరు వెలిగించుకుని రెండుసార్లు దగ్గరికెళ్ళాను. క్యాబిన్ కోసేశాను గానీ ఛాసిస్‌ని కొయ్యలేకపోయాను. అది చేసిన తప్పేంలేదు. నేనాడిన అబద్ధానికి దాన్నెందుకు కొయ్యాలి అనిపించింది. నీకు చెప్పి ఉంచాల్సింది. చెప్తే స్టీరింగు సంగతి కూడా చెప్పాలి. అట్టా రెండేళ్ళు గడిపేశాను.”

“ఇప్పుడెందుకు చెప్పావన్నా?”

“నువ్వే కదమ్మా అడిగావు.”

“నేను నంబరు అడిగాను. స్టీరింగు గురించి అడగలా.”

“చెల్లెమ్మా...”

“ఆ మాట మీదే బతికాను నేను. బండి చంపింది, బండి చంపిందని చెప్పుకుని ముద్ద మింగాను. నువ్వు రోడ్డవతల ఉన్నట్టే ఇంకో నాలుగు రోజులు ఉండలేకపోయావా?”

“ఏడవకు. ఊరుకో. నాగులు తప్పు కూడా కాదది. చెరువుల్లో చేపలు పడుతున్న రోజులు, మూడు రోజుల నుంచి తెగ తిరుగుతున్నాడు. కైకలూరులో లోడెత్తాక మీ ఇంటి మీదగానే కదా వచ్చింది? ఇంట్లో కాసేపు నడుం వాల్చి బయల్దేరితే సరిపోయేది.”

“ఊఁ.”

“మొండోడు. ఎవరన్నా చెప్పినా వినే రకం కాదు.”

“వింటాడు.”

“ఆఁ?”

“చెప్తే వినే మనిషే అన్నా. నేను ఏం చెప్పినా వింటాడు.”

“సరే, సరే. ఇప్పుడా మాటలెందుకు. చూడు, చక్రికి ఇప్పుడే ఫోన్ చేస్తాను. రేపే బండి తెమ్మంటాను. నీ కళ్ళెదరే ముక్కలు కోసేస్తాను. అతనికి ఇంకో ఛాసిస్ నేనే ఎక్కడన్నా చూసి పెడతాను. నీకు మాటిచ్చి తప్పాను. ఇప్పుడన్నా నిలబెట్టుకోనీ.”

“ఇప్పుడు కూడా రొయ్యలేనా అతనికి?”

“రొయ్యలు మానేశాడు. మంగళగిరి నుంచి ఏలూరుకి చీరల మూటలేస్తాడు.”

“రాత్రిళ్ళు నడుపుతాడా?”

“పండగల ముందు నడుపుతాడు.”

“నిద్రొస్తే?”

“ఏమో, ఎక్కడన్నా ఆపుకుంటాడేమో. అడగలేదు నేను.”

“అడుగు. ఫోన్ చెయ్యి, చేసి చెప్పు. కన్ను మూతపడితే రోడ్డు పక్కకి తీసి పడుకోమను. సరుకు ఆలస్యమైతే అవనీ అని చెప్పు. ఇంట్లో వాళ్ళు తొందరపెట్టినా లేవొద్దని చెప్పు. తర్వాత ఆ వేలిముద్ర ఎక్కడెయ్యాలో నాకు చెప్పు, వచ్చి వేస్తాను.”

“వేలిముద్రా? అంటే... కొయ్యొద్దా బండిని?”

“వద్దన్నా. అది చేసిందేం లేదు. ఒక్క గంట పడుకుంటానే అంకాలూ అని చాప మీద వాలిన మనిషిని, చేపల మీద ఐసు కరిగిపోతందని రెక్క పట్టుకుని లేపి, తాళం చేతిలో పెట్టింది నేనే.”