తాళ్ళు నరకమన్నది నేనే

పోర్ట్స్‌మత్ రేవులో ఒక నావికుడి ఇంటి గుమ్మం ముందు నౌకాదళపు కుర్ర అధికారి టోపీ తీసి నిలబడ్డాడు. నావికుడి భార్య లోపలికి రమ్మనలేదు.

“మా ఆయన తుఫానులో పోయాడని కెప్టెన్ గారు రాశారుగా బాబూ. మళ్ళీ మీరెందుకొచ్చారు?”

“ఆయన రాయనిది ఒకటుందమ్మా. తెరచాప కొయ్య విరిగి సముద్రంలో పడింది. దాన్ని పట్టుకుని మీ ఆయన సైలస్ ఉన్నాడు. ఆ కొయ్య తాళ్ళతో వేలాడుతూ ఓడని పక్కకి లాగి ముంచేసేలా ఉంది. అక్కడున్న నా పై అధికారికి దెబ్బ తగిలి స్పృహ లేదు. తాళ్ళు నరకమన్నది నేనే.”

“ఆయన అక్కడున్నాడని తెలిసేనా?”

“తెలిసే. ఓడలో మూడొందల మంది ఉన్నారమ్మా.”

“మిమ్మల్ని చూశాడా?”

“చూశాడు. చెయ్యెత్తాడు.”

“ఆగమనా, నరకమనా?”

“తెలీదు. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.”

“మీకెన్నేళ్ళు?”

“పదహారు.”

ఆమె గుమ్మం దాటి అతని దగ్గరికి వచ్చింది.

“నరకమనే చెయ్యెత్తాడని పిల్లలకి చెబుతాను. మీరూ అలాగే అనుకోండి.”

“నిజమో కాదో తెలీదు కదమ్మా.”

“తెలిస్తే నేను బతకగలనా? ఒక్కసారి నా ఎదురుగా అనండి బాబూ. నాకూ వినాలనుంది.”

“నరకమనే చెయ్యెత్తాడమ్మా,” అంటూనే కుర్రాడు ఏడ్చేశాడు.