కవరు కింద జీపు

పొద్దున్నే, మున్సిపల్ క్వార్టర్సులో ఒక వంటిల్లు. మున్సిపాలిటీలో బళ్ళ విభాగం సూపరింటెండెంటు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అదే మున్సిపాలిటీలో టీకాల నర్సుగా పనిచేస్తున్న ఆయన భార్య ఐసు పెట్టె సర్దుకుంటోంది.

“ఇవ్వను.”

“ఇవ్వరా, ఇవ్వలేరా?”

“రెండూ ఒకటే.”

“ఒకటెలా అవుతాయండీ? ఇవ్వనంటే మీకు మొండితనం. ఇవ్వలేనంటే వెనకాల ఇంకేదో ఉంది.”

“పొద్దున్నే కోర్టు పెట్టకే. టీలో పంచదార వెయ్యలేదు నువ్వు.”

“వేశాను, కలుపుకోండి. షెడ్డులో కవరు కప్పి పెట్టిన జీపు ఒక్క పూట ఇమ్మంటున్నా. ఒక్క పూట. క్వారీకి ఇవాళ సెలవు. తల్లులంతా గుడిసెల్లోనే ఉంటారు. రేపు మళ్ళీ పిల్లల్ని చంకనేసుకుని రాళ్ళలోకి దిగిపోతారు, ఎవర్నని వెతకను?”

“బస్సులో వెళ్ళు.”

“పోయినసారి బస్సులోనే వెళ్ళాను. మలుపు దగ్గర దింపేసి పోయాడు. అక్కణ్ణుంచి ఆ రాళ్ళ దారిలో పెట్టె మోసుకుని ఎక్కేసరికి ఐసు నీళ్ళయింది, నీళ్ళు వేడెక్కాయి. మందంతా పారబోసి వచ్చాను. ఆ తర్వాతే అక్కడ ఒక పిల్లకి తట్టు లేచింది. ఇప్పుడు దాని తమ్ముడికి ఒళ్ళు కాలిపోతోందట. మిగతా పిల్లలకి అంటుకోకముందే సూది పడాలండీ. ఇవాళ మొదటిది పడితేనే కదా వచ్చే నెల రెండోది వేసేది.”

“ఆటో మాట్లాడుకో.”

“మాట్లాడాను. ఆ దారి పేరెత్తగానే అందరూ వంగి టైర్లు చూసుకుంటున్నారు.”

“నన్నేం చెయ్యమంటావే, రూలు అలా ఉంది.”

“ఆ రూలు రాసిందెవరు?”

“కమిటీ.”

“కమిటీలో ఎవరెవరున్నారు?”

“నేనూ... నా సంతకమూ.”

“అదీ.”

“అదీ లేదు, ఇదీ లేదు. బండి మనిషికి కాదు, విభాగానికి ఇస్తారు. టీకాలు విభాగం కాదు, ఉపవిభాగం. ఉపవిభాగానికి సైకిలు వరకే.”

“ఆ సైకిలేదీ?”

“ఉంది. తాళం వేసి ఉంది.”

“తాళంచెవి?”

“మీ పాత అధికారి దగ్గర.”

“ఆయన రిటైరై ఊరొదిలి వెళ్ళిపోయాడు కదండీ!”

“జేబులో ఉండిపోయిందట. పంపమని రాశాం. పంపుతాడు.”

“తోటల విభాగానికి బండి ఇచ్చారు. ఊళ్ళో తోటేదీ?”

“తోట వచ్చాక అప్పుడు బండి కోసం పరిగెత్తమంటావా?”

“లెక్కలు చూసేవాళ్ళకి కారిచ్చారు. వాళ్ళ గదీ, లెక్కలు రాసే గదీ పక్కపక్కనే.”

“వానొస్తే?”

“మధ్యలో ఉన్నది గోడండీ, వీధి కాదు!”

“అమ్మాయ్, కాళ్ళకి కాసిని నీళ్ళియ్యి.”

“ఇదుగో అత్తయ్యా, జాగ్రత్త, గడప తడిగా ఉంది.”

“పొద్దున్నే ఎక్కడికెళ్ళొచ్చావమ్మా? చెప్పుల్లేవేం కాళ్ళకి?”

“తెగాయిరా.”

“రెండూనా?”

“ఒకటి తెగాక రెండోదానితో పనేముందిరా? ఒంటికాలి మీద గంతులేసుకుంటూ రమ్మంటావా?”

“సరే, ఈ బిస్కెట్టు నల్లోడికి వెయ్యి. ఏడీ వాడు? టీ గ్లాసు చప్పుడైతే చాలు, గుమ్మంలో తోకాడించేవాడు.”

“వస్తాడులే.”

“ఎక్కడో నీ చెప్పుల మీద తల పెట్టి పడుకుని ఉంటాడు. అప్పుడు ముట్టుకుంటే ఊరంతా లేపేస్తాడు, వెధవ.”

“వాడి సంగతి నాకొదిలెయ్. నువ్వు ముందు నీ పెళ్ళానికి జవాబు చెప్పు.”

“నువ్వు కూడానా అమ్మా?”

“అత్తయ్యా, ఆ జీపు ఎవరిదనుకున్నారు? కుక్కల నియంత్రణ అధికారిది.”

“ఎవరమ్మా ఆయన? ఎప్పుడూ చూళ్ళేదే.”

“ఉంటే కదా చూట్టానికి. పోస్టు ఖాళీ.”

“లేనివాడికి జీపెందుకురా?”

“రేపు వస్తాడనుకో, వచ్చీరాగానే బండేదీ అని అడిగితే? అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ఇప్పుడు ఎక్కడ పెట్టుకున్నావురా?”

“అమ్మా, నీకు ఆఫీసు సంగతులు తెలీవు. అధికారి లేకుండా ఆ జీపు చక్రం కూడా తిరగదు. అంతే.”

“ఏమండీ, పోస్టు ఖాళీగా ఉంటే ఇన్‌చార్జి అని ఒకరుంటారుగా. దీనికి ఎవరు?”

“ఎవరో ఒకరుంటారు.”

“ఎవరు?”

“ఆఫీసన్నాక బోలెడుమంది...”

“ఎవరండీ?”

“నేనే. అయితే ఏంటి? ఇన్‌చార్జి అంటే కుర్చీ తుడిపించడం వరకే.”

“సరే, కోప్పడకండి. బిస్కెట్టు తినండి, వాడు లేడుగా. ఇంతకీ ఆ జీపు ఎప్పుడు కదలచ్చు? ఊరికే తెలుసుకుందామని.”

“కుక్క మీద ఫిర్యాదొస్తే కదలాలి. వచ్చిన వెంటనే కదలాలి, అదీ షెడ్డు నుంచే కదలాలి. వల విసిరే మనిషొకడు ఉండాలి. ఎవర్నైనా కరిస్తే సూది వెయ్యటానికి నర్సు వెంట ఉండాలి. పట్టిన కుక్కని మున్సిపాలిటీ హద్దు దాటించి వదలాలి. ఈ రూలు రాసిన రోజు నేను అన్నం కూడా తినలేదు, తెలుసా?”

“చాలా బాగా రాశారండీ.”

“వెటకారమా?”

“ఒట్టు, నిజంగానే అంటున్నా. ఇప్పటిదాకా ఎన్నిసార్లు కదిలింది?”

“ఫిర్యాదులు రాలేదు.”

“ఎందుకొస్తాయి? ఫిర్యాదుల ఫోను మీ చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతారు. నిన్న కూరల మార్కెట్టులో ఎవర్నో కరిచిందని మోగితే, రాంగు నంబరు అని పెట్టేశారు. నేను పక్కనే ఉన్నాను.”

“కరిచింది చిన్న కుక్కటే!”

“ఒరేయ్, నీ జేబు మోగుతోంది.”

“మోగనీ అమ్మా. పొద్దున్నే వీళ్ళకి...”

“తియ్యండి, పర్వాలేదు.”

“హలో, రాంగు నం... మేడమ్! నమస్తే మేడమ్! నేనే మేడమ్, నేనే. రాంగు నంబరు అనలేదు మేడమ్, రండి నమస్కారం అన్నా... అవును మేడమ్... కుక్కా? మీ గేటు ముందా? ... నల్లదా? ... లేవట్లేదా? ... దేని మీదో తల పెట్టి పడుకుందా? ... అదిలిస్తే అరుస్తోందా? అయ్యో, పెద్దమ్మగారు గుడ్లు తేలేశారా! ... కరవలేదు కదా? హమ్మయ్య... వెంటనే మేడమ్. వెంటనే పంపిస్తా. కుక్కల బండే మేడమ్... షెడ్డు నుంచే... ఆ... అంటే మేడమ్, ఆ బండి... అదే, ఆ బండి... మీ... ఏం లేదు మేడమ్. పంపిస్తా మేడమ్.”

“ఎవరండీ?”

“ఛైర్మన్ గారి భార్య. గేటుకి అడ్డంగా కుక్క పడుకుందట. కుక్కల బండి తక్షణం రావాలట.”

“అయితే ఇంకేం, పంపించండి.”

“పంపిస్తా.”

“లేవండి మరి. కూర్చున్నారేం?”

“లేస్తా.”

“ఒరేయ్, నీకు చెమటలెందుకు పడుతున్నాయిరా?”

“టీ వేడిగా ఉంది.”

“గ్లాసు ఖాళీ అయి ఎంతసేపైందిరా!”

“ఏమండీ, షెడ్డులో జీపు ఉందిగా? కవరు కప్పి ఉందిగా?”

“కవరు ఉంది.”

“జీపు?”

“కవరైతే ఉందే.”

“నేను కవరెక్కి క్వారీకి వెళ్ళలేనండీ. జీపేదీ?”

“ఛైర్మన్ గారింట్లో.”

“ఎప్పట్నించీ?”

“వచ్చినప్పట్నించీ. ఆయన అత్తగారికి కారెక్కితే కళ్ళు తిరుగుతాయట. జీపైతే గాలి బాగా తగులుతుందని ఒక్కరోజుకి అడిగారు. ఆ ఒక్కరోజు ఇంకా అవలేదు.”

“మరి కవరు కింద ఉబ్బెత్తుగా ఉన్నదేమిట్రా?”

“విరిగిన బల్లలూ కుర్చీలూనమ్మా. ముందు భాగం జీపులా రావట్లేదని పాత కూలరు ఒకటి పెట్టించాను. పోయిన ఏడు తనిఖీకి వచ్చినాయన కవరు మీద తట్టి, బండిని కన్నబిడ్డలా చూసుకుంటున్నారే అని మెచ్చుకున్నాడు కూడా.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“కూలరు సంగతి. అత్తయ్య చెప్పారు. మొన్న నల్లోడు పిల్లిని తరుముకుంటూ కవరులో ఈ పక్క దూరి, ఆ పక్క బయటికొచ్చాడట. నోట్లో కుర్చీ కాలు.”

“తెలిసీ పొద్దుట్నించీ నన్ను నిలదీస్తున్నావా? తెలిసి ఎందుకే అడగడం?”

“మీ నోటితో మీరే చెబుతారేమోనని. ఏదో ఆశ.”

“చెబితే ఏమవుతుంది? నన్ను ఏ మూలకో విసిరేస్తారు. ఈ క్వార్టరు పోతుంది. అమ్మ మోకాళ్ళతో మళ్ళీ మేడమెట్లెక్కాలి. అన్నీ నేనే మోయాలి, మాటలు మాత్రం అందరూ అంటారు.”

“నా మోకాళ్ళని మధ్యలోకి లాగకురా. అవి నిన్నేమీ అడగలేదు.”

“ఆ తట్టు లేచిన పిల్ల నన్ను చూసి నవ్వుతుందండీ. నోట్లో పొక్కులతో నవ్వుతుంది. తట్టు లేచిందని తెలిసి వట్టి చేతుల్తో చూడ్డానికి వెళ్ళాను, దాని మొహం చూడలేకపోయాను. మీకు బదిలీ భయం ఉంది, నిజమే. నాకు ఇది.”

“ఏడవకే. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. జీపు వాళ్ళ గేటు లోపల, కుక్క వాళ్ళ గేటు బయట. కుక్కని పట్టాలంటే జీపు షెడ్డు నుంచి వెళ్ళాలి. జీపు షెడ్డుకి రావాలంటే కుక్క లేవాలి.”

“వెనక గేటు లేదా వాళ్ళకి?”

“ఉంది.”

“మరింకేం? జీపుని వెనక గేటు నుంచి షెడ్డుకి పంపమనండి. షెడ్డు నుంచి వాళ్ళింటికే పంపిస్తానని చెప్పండి.”

“వాళ్ళ జీపుని తెప్పించి వాళ్ళింటికే పంపడమేంటే? వినేవాళ్ళు నవ్వరా?”

“రూలండీ. షెడ్డు నుంచే కదలాలి. మీరేగా రాశారు.”

“చెయ్యరా ఫోను. అవతల ఆ పెద్దావిడ గుడ్లు తేలేసుకుని కూర్చుంది.”

“హలో, మేడమ్... నేనే మేడమ్. బయల్దేరినట్టే మేడమ్. ఒక చిన్న మనవి... మీ జీపుని ఒక్కసారి వెనక గేటు నుంచి షెడ్డుకి పంపిస్తే... ఆ... వెంటనే అదే జీపుని మళ్ళీ మీకు... అవును మేడమ్, అదే. అదే కుక్కల బండి మేడమ్... మీకు తెలీదా? ... పెద్దమ్మగారు తిరిగేది దాన్లోనే మేడమ్... హలో? హలో మేడమ్?”

“ఏమైందిరా?”

“పెద్దమ్మగారు ఇంతకాలం కుక్కల బండిలో తిరిగారని ఇప్పుడు తెలిసిందట. ఇక జన్మలో ఎక్కరట. తీసుకుపొమ్మంటున్నారు.”

“పోనీలెండి, పాపం. జీపు ఇంటికొచ్చింది.”

“ఆగు, ఆగు. వల విసిరేవాడు మార్కెట్టు దగ్గరే ఉంటాడు, వాణ్ణి పిలుస్తా. నర్సు ఉండాలి. నర్సెవరు?”

“మున్సిపాలిటీ మొత్తానికి నేనొక్కదాన్నేనండీ.”

“నువ్వే. సరే, నువ్వు ఎక్కు. కుక్కని పట్టాక హద్దు దాటించాలి. అటు వైపు హద్దు ఎక్కడా? కాలవ దగ్గర... కాదు కాదు, కొత్తగా కలిపారుగా... క్వారీ...”

“ఊఁ.”

“క్వారీ గుడిసెలు దాటాక.”

“అవునండీ.”

“ఏమే! నువ్వు జీపెక్కి, పెట్టె పట్టుకుని, సరిగ్గా క్వారీ దాకా... ఇదంతా రూలు ప్రకారమే జరుగుతోందే! ఒక్క అక్షరం తప్పలేదు!”

“అన్నం మానేసి రాశారు కదా మరి.”

“చూశావా అమ్మా, నా రూలు! అందరూ నవ్వారు. ఐసు సరిపోతుందా? ఇంకాస్త వేసుకో. ఏమైనా నీ అదృష్టం బాగుందే. సరిగ్గా ఇవాళే, ఊళ్ళో ఇన్ని గేట్లుండగా సరిగ్గా ఆ గేటు ముందే, ఎక్కడిదో దిక్కుమాలిన కుక్క వచ్చి పడుకోవడం!”

“ఒరేయ్, దిక్కుమాలినది అనకు.”

“నీకెందుకమ్మా అంత పౌరుషం?”

“అమ్మాయ్, వలా గిలా విసరనివ్వకు, బెదురుతాడు. వాడి తల కింద నా చెప్పులుంటాయి, అవి తీసి జీపులో పెట్టు, వాడే ఎక్కి కూర్చుంటాడు. హద్దు దాటాక ఒకసారి దింపినట్టు దింపి, మళ్ళీ ఎక్కించుకుని వచ్చెయ్. వచ్చే నెల రెండో సూదికి వాడితో పనుంది.”