నిద్రగన్నేరు మీది కొంగలు

నందిగామ శివారు కాలనీ. పిట్టగోడకు ఇవతల శేషారత్నం, అవతల ప్రసూనాంబ. ప్రసూనాంబ పెరట్లోంచి గోడ మీదికి వాలిన నిద్రగన్నేరు నిండా కొంగల గూళ్ళు.

"వాటికి రెక్కలొచ్చేదాకా ఆగమంటే నేనెక్కడ ఆగేది పిన్నిగారూ? దసరా దాకా కదలవు అవి."

"గూళ్ళలో పిల్లలున్నాయి శేషారత్నం. పురిటికొచ్చిన ఆడపిల్లల్లాంటివి, ఎలా వెళ్ళగొడతాం?"

"మరి నా కూతురు ఆడపిల్ల కాదా?"

"ఎంత మాట!"

"ఏడో నెల వెళ్ళిపోతోంది. ఈ ఆదివారం లోపు నాగశ్రీని జగ్గయ్యపేట నుంచి తెచ్చుకోవాలి. ఎనిమిదిలో కదపకూడదు. తొమ్మిదిలో ప్రయాణాలు వద్దని డాక్టరమ్మ ఇప్పుడే చెప్పేసింది. ఇంకెప్పుడు తెచ్చుకోను?"

"తెచ్చుకో. నేను కాదన్నానా?"

"ఈ కంపులోకా? వాకిట్లోకొస్తే నెత్తిన రెట్ట. మునేట్లో చేపలన్నీ నా డాబా మీదే కుళ్ళుతున్నాయి. నిన్న పెరట్లో బియ్యం కడుగుతుంటే గిన్నెలో సగం చేప పడిందండీ!"

"అయ్యో!"

"నవ్వండి, నవ్వండి. మీకేం, కిటికీలు బిగించుకుని ఏసీలో కూర్చుంటారు."

"నా తులసికోట మీదా పడుతోందమ్మా. రోజూ కడుక్కుంటున్నా."

"మరి కొట్టించరేం? చెట్లు కొట్టే రత్నబాబు రంపం మిషనుతో వస్తానన్నాడు. కూలి నేనిచ్చుకుంటా. నా వైపు కొమ్మలు కొట్టినా చాలు."

"కుదరదమ్మా."

"ఎందుకు కుదరదు? ఫారెస్టోళ్ళ భయమా?"

"అదీ ఉందనుకో."

"అదీ అంటే? ఇంకేముంది?"

"ఏం లేదులే. కాఫీ తాగుతావా?"

"కాఫీ వద్దు, ఏం వద్దు. నిరుడు గొంగళి పురుగులొచ్చాయని మునగచెట్టు మొదలంటా కొట్టించారే! దాని మీద లేని జాలి వీటి మీదా?"

"శేషారత్నం..."

"టపాకాయలు కాల్చా. లేచి ఒక్క చుట్టు తిరిగి మళ్ళీ అక్కడే వాలాయి. డబ్బా కొట్టి కొట్టి చేతులు పడిపోయాయి."

"విన్నాలే. పిల్లేమంటోంది?"

"ఏమంటుంది? 'కొంగలు పోయాక వస్తానమ్మా, ఆ వాసనకి వాంతులవుతాయి' అంటుంది. ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట. ఏడో నెలలో వాంతులేంటండీ?"

"పోనీ, అక్కడే ఉండనివ్వచ్చుగా? రెండో కాన్పు అత్తారింట్లో జరగడం మామూలేగా."

"రెండోది అనకండి."

"అది కాదమ్మా..."

"మొదటిది దక్కితే కదా ఇది రెండోదయ్యేది? ఇదే మొదటిది. పుట్టింట్లోనే జరగాలి. గదికి సున్నం వేయించా. మంచం అటు తిప్పించా. కర్టెన్లు కూడా మార్చా."

"ఆ గదేనా?"

"ఏ గదైతే ఏంటి?"

"పోయినసారి ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చి, నెల్లాళ్ళు తలుపేసుకుని పడుకున్న గదే కదా అని."

"ఇప్పుడా సంగతెందుకు? అది మర్చిపోయింది. నేనూ మర్చిపోయా."

"సరే."

"ఆ గదిలోంచే అది బిడ్డనెత్తుకుని బయటికి రావాలి. అప్పుడు గానీ నాకు కంటి మీద కునుకు రాదు. గోడ దూకొచ్చి మీ కాళ్ళు పట్టుకోమంటారా? దూకుతా."

"అంత మాటనకు తల్లీ."

"అయితే కొట్టించండి! ఎవరు అడ్డమొచ్చారు మీకు? మీ అబ్బాయా?"

"కాదు."

"మరెవరు? వాళ్ళ కాళ్ళే పట్టుకుంటా. చెప్పండి."

"చెప్పనని మాటిచ్చా."

"పిన్నిగారూ!"

"మీ నాగశ్రీయే. పోయిన నెలలో నాకు ఫోన్ చేసింది. 'చెట్టు కొట్టించకండి అమ్మమ్మగారూ. కొంగలు పోతే, ఆ గదిలోకి నేను రాలేనని అమ్మతో నా నోటితోనే చెప్పాల్సొస్తుంది' అంది."