కోడలి పేరుతో

కాదండీ అయ్యగారూ, ఆదివారం నన్ను మాటాడమంటారేటి? ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడా? ముందు కూర్చోండి. కోడలు ఇంట్లో లేదులెండి, సదర్ బజార్ వెళ్ళింది. అది లేదు కాబట్టే ఈ మాత్రం నోరిప్పుతున్నాను.

మీరు మీ అంతట మీరు రాలేదు. మా కోడలు తనూజ పంపితే వచ్చేరు. అవునా?

చూసేరా! తల దించీసేరు. మీకు అబద్ధం చేతకాదు, అదొక్కటీ మీలో నాకు నచ్చుతాది.

నాకు కుళ్ళండీ. నా కోడలంటే నాకు కుళ్ళు. పాస్టరు ముందు అనకూడదేమో. మరెవులి ముందు అనమంటారు? ప్రవీణ్‌తో అంటే, "అమ్మా, నీకు పనీ పాటా లేదు" అని డ్యూటీకి పోతాడు. వాడన్నదీ అదే కదా! నాకు పని లేకే ఈ బాధ.

మా తాత బొగ్గింజన్ల కాలంలో పలాస వైపు నుంచి వచ్చి ఈ బిలాస్‌పూర్‌లో దిగేడు. మన సంఘానికి గోడలు లేనప్పుడు చెట్టు కింద ప్రార్థన పెట్టిన మనిషి. నేను ఆ ఇంట్లో పుట్టేను. నాకు పెళ్ళి కాకముందు కూటాలకి ఒక బోధకుడు వచ్చేడు. "దేవుడు మిమ్మల్ని ఏదో ఒక పని కోసమే పుట్టించేడు, అదేటో ఆయన్నే అడగండి" అన్నాడు. ఆ రోజు నుంచి అడుగుతూనే ఉన్నాను.

పాటలన్నాను. గొంతు బొంగురు. ఆదివారం బడి పెట్టేను. పిల్లలకి నా తెలుగు ఎక్కలేదు, "ఆంటీ, హిందీ మే బోలియే నా" అని ఒకటే గోల. నా హిందీ సంగతి మీకు తెలుసు, కూరగాయలు కొనడానికే చాలదు. ఆఖరికి ఒక్కటి మిగిలింది. ఆరాధనలో వాక్యం చదవడం. తప్పు లేకుండా, ఒత్తులు మింగకుండా చదివీదాన్ని. అదేనేమో నా పని అనుకొని ప్రాణం కుదుటపరుచుకున్నాను.

తరవాత తనూజ వచ్చింది.

ఈ ఊళ్ళోనే దయాల్‌బంద్ పేట పిల్ల. తెలుగువాళ్ళే గానీ గుడికెళ్ళే ఇల్లు. ప్రవీణ్ ఇష్టపడ్డాడు, చేసేం. నేను పట్టుబట్టలేదు. అదే ఒకనాడు వచ్చి, "అత్తయ్యా, నేను బాప్తిస్మం తీసుకుంటాను" అంది. సంతోషించేను. నిజంగా సంతోషించేను అయ్యగారూ, అప్పటికి కుళ్ళు లేదు.

మీ ప్రసంగం హిందీలోకి మార్చీ అబ్బాయికి ఒక ఆదివారం జ్వరం. మీరు దీన్ని లేపి నిలబెట్టేరు. అచ్ఛా, తెలుగు చదవడం రాని పిల్ల! మీరు తెలుగులో అన్నది అది హిందీలో అంటుంటే వెనక బెంచీల్లో కుర్రాళ్ళు సెల్ఫోన్లు లోపల పెట్టీసేరు. ముసలాళ్ళు ముక్కు చీదేరు. ఆరాధన అయ్యేక దాని చేతులు పట్టుకోడానికి వరస కట్టేరు. "తనూజకి పిలుపు ఉంది" అన్నారు మీరు. మైకులోనే అన్నారు!

అప్పట్నుంచి వాక్యం కూడా దాన్నే హిందీలో చదవమన్నారు. నా కళ్ళజోడు సంచిలోంచి తియ్యక్కర్లేకుండా పోయింది.

పోనీ, అది చెడ్డదైతే నాకు సుఖంగా ఉండును. పొద్దున్నే లేచి నాకు టీ తెచ్చిస్తాది. కాలు నొప్పంటే నూనె రాస్తాది. అలా రాస్తుంటే దాని నెత్తి మీద చెయ్యి వెయ్యాలనీ ఉంటాది, ఒక్కటి వెయ్యాలనీ ఉంటాది. నవ్వకండి.

ఇక అప్పలకొండమ్మ సంగతి. మీరు అడగొచ్చింది అదే కదా.

వెనక బెంచీలో గోడకి ఆనుకొని కూర్చునీది ఆవిడ. బాప్తిస్మం అప్పుడు మార్తమ్మ అని పేరు పెట్టేరు గానీ, ఎవులూ పిలవలేదు. ఆవిడకి పక్షవాతం వచ్చి, మాట ముద్దైపోయింది. ఇన్నేళ్ళూ మాటాడిన హిందీ అంతా తుడిచిపెట్టుకు పోయింది. చిన్నప్పటి తెలుగు మిగిలింది. కొడుకు నాగేంద్రది రైలింజన్ల షెడ్డులో డ్యూటీ. కోడలు ఇక్కడి ఛత్తీస్‌గఢ్ పిల్ల, ఎంత మంచిదైనా భాష రాదు. ఆస్పత్రిలో ఆవిడ ఏటి అంటున్నాదో ఎవులికీ తెలీదు.

నాగేంద్ర ఎవులికి ఫోన్ చేస్తాడు? తనూజకి. ఇది వెళ్ళింది. వెళ్ళి నాకు ఏడుస్తూ ఫోన్ చేసింది. "అత్తయ్యా, తొందరగా రండి. అమ్మగారు ఉండేటట్టు లేరు. హిందీలో 'చలీ, చలీ' అంటున్నారు. వెళ్ళిపోతున్నాను అంటున్నారు" అని.

ఆటో ఎక్కి వెళ్ళేను. మంచం చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ఆవిడ కోడలు కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నాది. తనూజ కళ్ళు మూసుకొని, ఆత్మని శాంతిగా చేర్చుకోమని హిందీలో చక్కటి ప్రార్థన చేస్తున్నాది. నేను ఆవిడ చెయ్యి ముట్టుకున్నాను. మంచుముక్క!

"అప్పలకొండమ్మా, ఏటమ్మా?" అన్నాను.

"సలి... సలేస్తందే..."

"ఫ్యాను ఆపండర్రా! ఆవిడ ఎక్కడికీ వెళ్ళడంలేదు. అది హిందీ కాదు, తెలుగే. చలేస్తున్నాదంట!" అని అరిచేను.

అయ్యగారూ, ఆ మాట అన్నప్పుడు నాకెంత బాగుందో చెప్పలేను. దుప్పటి కప్పుతున్నాను, అరికాళ్ళు రుద్దుతున్నాను, లోపల మాత్రం పండగ. ఇదిగో, తనూజకి రానిది ఒకటి నాకొచ్చు! అనుకున్నాను. ముసలావిడ చలికి వణుకుతుంటే నాకు అది తోచింది, చూడండి.

ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసింది. పెదాలు కదిపింది. నేను వంగేను. ఏటందో తెలుసా?

"తనూజా!"

నేనొచ్చీముందు అది ఆవిడ చెవి దగ్గర వంగి, "నేను తనూజని, అమ్మగారూ" అని చెప్పిందంట. ఆ పేరు ఆవిడ బుర్రలో అతుక్కుపోయింది.

మర్నాడూ వెళ్ళేను, ఆ తరవాతా వెళ్ళేను. మొదట్లో వాక్యం చదివేను, ఆవిడ నిద్రపోయింది. ఒకనాడు, "సంద్రం పోటు మీదున్నాదేటి?" అని అడిగింది. బిలాస్‌పూర్‌లో సంద్రమేటండి? "ఉన్నాదమ్మా, పడవలింకా దిగలేదు" అన్నాను. అంతే, ముఖం వెలిగిపోయింది. ఆవిడ పెనిమిటి వల గురించి, ఎండబెట్టిన చేపలు ఎత్తుకుపోయిన కుక్క గురించి చెప్పింది. ఆ కుక్కని తిట్టిన తిట్లు మీ ముందు చెప్పలేను. నేను పగలబడి నవ్వేను. నా జన్మలో దేవుడి పేరు చెప్పి ఎక్కడికి వెళ్ళినా అంత నవ్వలేదు.

వెళ్ళిన ప్రతిసారీ చెప్పీదాన్ని. "తనూజ కాదమ్మా, నేను నీలవేణిని. నీ... ల... వే... ణి." ఆవిడ బుద్ధిగా తలూపీది. నేను ఇంటికొచ్చీసేక కొడుకు రాగానే, "తనూజ వచ్చింది, తనూజ నవ్వించింది" అనీది. ఆ నాగేంద్ర వచ్చి మీకు చెప్పేడు. మీరు మైకులో మెచ్చుకున్నారు.

పాపం తనూజ లేచి, "నేను కాదు, అత్తయ్య వెళ్తున్నారు" అనలేదా? అంది. మీరేటన్నారు? "చూడండి ఎంత వినయమో!" అన్నారు. సంఘమంతా చప్పట్లు. నేను కూడా కొట్టేను. పక్కనున్నావిడ చూస్తున్నాది మరి.

ఇప్పుడు అప్పలకొండమ్మ పోయేక, తనూజ మీ వెంటపడి నిజం చెప్పింది. మీరు నా దగ్గరికొచ్చేరు. జ్ఞాపక కూటంలో సాక్ష్యం చెప్పమంటున్నారు. చిన్నప్పట్నుంచి అడిగింది ఇదే కదా, మైకు ముందు నిలబడ్డం! వచ్చింది. దాని చేతి మీదుగా వచ్చింది. దేవుడు నాకు నేరుగా ఒక్కటీ ఇవ్వడేటండి?

ఎందుకు మాటాడనంటున్నానా? ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం సంగతి మీకు తెలీదు కాబట్టి అడుగుతున్నారు.

వాన పడుతున్నాది. నాగేంద్ర డ్యూటీ నుంచి బయల్దేరేడు, ఇంకా రాలేదు. ఆవిడ కోడలు మందులకి కిందకి దిగింది. ఆవిడ ఊపిరి మారిపోయింది. ఈసారి చలి కాదని నాకు తెలిసింది. నర్సుని పిలిచేను, ఆవిడ వచ్చి చూసి నా భుజం మీద చెయ్యేసింది. అప్పలకొండమ్మకి కళ్ళు కనపడ్డంలేదు కాబోలు, చెయ్యి గాల్లో తడుముతున్నాది. భయపడిపోతున్నాది అయ్యగారూ. చిన్నపిల్లలా భయపడిపోతున్నాది.

"తనూజా... తనూజా, ఉన్నావేటి?"

నా పేరు నోటి చివరిదాకా వచ్చింది. నీలవేణినమ్మా అని చెప్పాలి. ఒక్కసారైనా, పోయీముందు ఒక్కసారైనా నా పేరు అనిపించుకోవాలి. అంత యావ ఉంది నాకు. అబద్ధం ఎందుకు చెప్పాలి మీకు?

చెయ్యి పట్టుకున్నాను.

"ఉన్నానమ్మా. తనూజనే" అన్నాను.

వేళ్ళు మెత్తబడ్డాయి. ముఖంలో భయం పోయింది. ఆ తరవాత కాసేపే ఉంది.

ఇప్పుడు ఆదివారం నిలబడి, ఆవిడ కొడుకు ముందు, అది నేను అని చెప్పమంటారా? చెప్పను. తనూజ పేరుతో ఇచ్చీసేను కదా, మళ్ళీ ఎలా వెనక్కి తీసుకుంటాను?

అలాగని నేను మారిపోయేనని అనుకోకండి. మీ కళ్ళు అలా తడైపోతున్నాయి, అందుకు చెప్తున్నాను. నిన్న రాత్రి భోజనాల దగ్గర కూడా తనూజ నవ్వుతుంటే ఓర్చలేక, నా కంచం పట్టుకొని వంటింట్లోకి పోయేను.

ఏటండీ? గుమ్మంలో తీసిపెట్టిన ఆ చెప్పులా? నావే, నేను ఆస్పత్రికి వెళ్ళాలి ఇప్పుడు. పొద్దున్న ఆ నర్సు ఫోన్ చేసింది. మగవాళ్ళ వార్డులో సోంపేట ముసలాయన ఎవులో ఉన్నాడంట, అన్నం ముట్టడంలేదు, తెలుగులో ఏటో తిడుతున్నాడంట. "ఆ తెలుగు ఆంటీని పంపండి" అంది. నా పేరు ఆ నర్సుకీ తెలీదు. ఫోన్ చేసింది కూడా కోడలికే.

వెళ్తానండీ, వెళ్ళక ఏటి చేస్తాను? కుళ్ళుకుంటూనే వెళ్తాను. మీరు అటేపే కదా, నన్ను బండి మీద ఆస్పత్రి దగ్గర దించీయండి.