బల్ల మీద చాకు

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలపు సాయంత్రం. నాచారంలో అబ్బయ్య ఇనుప సామాన్ల దుకాణం. కంపెనీ నుంచి తిన్నగా వచ్చిన ఏలియా, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా ఒక్కో చాకునూ విప్పి చూసి, పెదవి విరిచి, పక్కన పెట్టేస్తున్నాడు.

"ఇది వద్దు అబ్బయ్యన్నా. ఇంత పొడుగు చాకు జేబుల పెట్టుకొని ఉప్పల్ చౌరస్తా దాటితే పోలీసోళ్ళు పట్టుకుంటరు."

"మరి గిది సూడు ఏలియా. కత్తెరుంది, సీస మూత తీసేదుంది, గోర్లు గీకేదుంది. ఏడు పన్లు జేస్తది."

"ఏడు పన్లు జేసేది ఒక్క మామిడికాయ సక్కగ కొయ్యది. వద్దు."

"అన్నీ వద్దే అంటున్నవ్. ఇంతకు ఎవరికి?"

"ఒకాయనకు."

"ఆ ఒకాయన ఏం కోస్తడు?"

"ఏం కొయ్యడో అడుగు. పార్సిల్ తాడు, కరెంటు వైరు, చెరుకు గడ. టిఫిన్ డబ్బాలు ఇప్పినంక మామిడికాయ. ఉప్పు కారం అద్ది నాకో ముక్క, ఆయనకో ముక్క."

"అంటే మీ కంపెనీల బసవరాజన్నకు."

"నేను పేరు చెప్పిన్నా?"

"మామిడికాయను గట్ల పల్సగ కోసేటోడు నాచారంల ఇంకెవరున్నరు? ఆయనకు చాకుంది గదా."

"ఉండె."

"ఉండె అంటే?"

"కొస ఇరిగింది."

"ఎట్ల ఇరిగింది?"

"ఇరిగింది అంతే. ఆ నల్ల పిడిది తియ్యి."

"తీస్త గని, ఎట్ల ఇరిగింది? జర గట్టిగ చెప్పు, నాకు ఈ చెవ్వు సక్కగ ఇనరాదు."

"పెయింట్ డబ్బా మూత లేపిన."

"చాకుతోనా?"

"చాకుతోనే. పక్కకు స్క్రూడ్రైవర్ ఉండంగనే. గిప్పుడు తిట్టు."

"నేనెందుకు తిడత? ఆయన తిట్టిండా?"

"తిడితే బాగుండు. ఇన్నేండ్ల సంది బావా, బావా అంటుండె. గిప్పుడు 'ఏలియా గారు' అంటుండు. క్యాంటీన్ల ఆ కొసకు పోయి కూసుంటుండు. మామిడికాయల కాలం అయిపోవట్టె అన్నా, ఒక్క ముక్క నోట్ల పెట్టలే."

"ఇంట్ల నీ పెండ్లాం దానమ్మ కొయ్యదా?"

"కోస్తది. బుక్క దిగుతలేదు."

"చేతుల నుంచి చేతులకు చాకు తీసుకున్నవా ఏంది? గందుకే నేను ఎవరికైనా బల్ల మీదనే పెడత. చేతికిస్తే కొట్లాట అయితది."

"ఆయన గూడ బల్ల మీదనే పెట్టబోయిండు. గివన్నీ ఉత్త మాటలు బావా అని నవ్వి, నేనే చేతుల నుంచి గుంజుకున్న."

"అయ్యిందా మరి?"

"అయ్యింది."

"సరే. స్టీలుది కావాల్నా, ఉత్త ఇనుపదా? స్టీలుదైతే మామిడి పులుపుకు నల్లవడది."

"నల్లవడేదే ఇయ్యి."

"అదేంది?"

"కోసినంక దస్తీతోని తుడుసుకుంట, తెరుసుకుంట, మూసుకుంట కూసుంటడు. అదే ఆయన ఖుషీ. నల్లవడకుంటే ఏం తుడుస్తడు?"

"మూస్తే సప్పుడు ఎట్ల రావాలె?"

"టక్కుమనాలె. ఇగో, లోపట ఎవరో మూసిన్రు సూడు, అచ్చం గట్ల."

"మా మనిషి తాళంకప్పలు సదురుతుండు. నువ్వు గిది సూడు."

"గిదే. పిడి గూడ ఆయన చెయ్యికి సరిపోతది. గిదే ఇయ్యి."

"ఏమని ఇస్తవ్?"

"అదే తెలుస్తలేదు. చిల్కానగర్ల గోడకు గోడ మావి. ఆయన దగ్గితే నాకు ఇనవడతది. నేను తలుపు కొడితే మాత్రం వాళ్ళ ఇంటామె కౌసల్యమ్మక్క, ఆయన ఇంట్ల లేడంటది."

"అయితే ఈడనే నేర్సుకో. నేనే బసవరాజన్న అనుకో."

"నువ్వా? నీకు మీసాలే లేవు."

"ఉన్నయనుకో. జర గట్టిగ."

"బావా, తప్పు నాదే. నీ చాకు అసోంటిది ఏడ దొరకలే, గిదన్న తీస్కో. ఇగ డబ్బా మూతలు లేప. నీ చాకు గూడ అడగ. ముక్క మాత్రం అడుగుత. నువ్వు పక్కన కూసోకుంటే మస్తు బాధయితుంది బావా. ఇగో, పట్టు... ఏంది అబ్బయ్యన్నా, పట్టుకోవేంది?"

"నేను పడితే బాగుండదు. నువ్వు ఇగ బయటికి రా బసవరాజన్నా, నీ పాత చాకు సాన తర్వాత పెడత."

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"చేతికియ్యకు బావా. ఆ బల్ల మీద పెట్టు."