గట్టు పక్కన పెంకులు

ఏమే, ఫ్రిజ్‌లోంచి ఆ డబ్బా తీస్తున్నావేంటి? ఉంచు, ఉంచు. అది పారేసేది కాదు. తడి ఇసుకే, గుడ్డలో కట్టిందే, ఎవరు కాదన్నారు? అందులో ఐరిస్ విత్తనాలున్నాయి. నవ్వకు. నేనూ నీలాగే ఆ అడుగు అరలోంచి తీశాను ఒకసారి, కొత్త కోడలిగా వచ్చిన నాలుగో నెలలో, మంచి చలికాలంలో. అప్పుడు మా వదిన ఉండేది, మీ తాతయ్యకి అక్క. నువ్వు చూడలేదులే, మీ నాన్నే సరిగ్గా చూడలేదు. ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. వాళ్లమ్మ పెంచిన ఐరిస్ మొక్క ఒకటి కుండీలో ఉండేదట, ఊదారంగు పువ్వు. నీళ్లెక్కువై దుంప కుళ్లిపోయింది. మిగిలింది ఒక్క కాయ, అందులో పదకొండు గింజలు. వాళ్లమ్మవి ఇంకేవీ లేవు ఆవిడ దగ్గర, ఒక చీర కూడా. ఆ గింజల్ని వారం రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, తడి ఇసుకలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. మూడు నెలలు. చలికాలం వచ్చి వెళ్లిందని గింజని నమ్మించాలట, లేకపోతే కళ్లు తెరవదట.

నాకేం తెలుసు? కరెంటు పోయి ఫ్రిజ్ కంపు కొడుతుంటే కడిగి పెడితే మెచ్చుకుంటారనుకున్నా. ఆ ఇసుకంతా తీసుకెళ్లి పెరట్లో బట్టలుతికే గట్టు పక్కన దులిపేశా. సాయంత్రం ఆవిడ వేళ్లు లెక్కపెట్టుకుంటూ, "ఇంకా ఆరు వారాలుందమ్మాయ్ మా అమ్మ గింజలకి" అంది. పరుగెత్తి వెళ్లి వెతికితే బురదే గానీ గింజ కనిపిస్తేనా? అప్పుడేం చేశానంటావ్... చెప్పానా? అబ్బే. కొత్త ఇసుక తడిపి, అందులో పదకొండు మిరియాలు పెట్టి, అదే గుడ్డలో కట్టి, అదే అరలో పెట్టేశా. చూడ్డానికి అలాగే ఉంటాయిలే, ముడతలు పడి.

ఆరు వారాలయ్యాక ఆవిడ వాటిని కుండీలో నాటింది. పొద్దున్నే కళ్లద్దాలు నుదుటి మీంచి దించుకుని చూసేది. "తొందరేముంది, కొన్నిటికి ఏడాది కూడా పడుతుంది" అనేది. ఏడాది! నాకు ముద్ద దిగేది కాదు. మీ తాతయ్య ఒంట్లో బాలేదేమో అని డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాడు. చివరికి ఒకరోజు ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో లంగా అంచు మడుస్తుంటే, ఇదే అదను, తిట్టాలన్నా నోరు తెరవలేదు కదా అని, మొత్తం చెప్పేశా. ఆవిడ చూసింది. ఒక్కొక్క సూదీ తీసి సూదుల దిండుకి గుచ్చింది. ఏడు సూదులు. ఆ ఏడు సూదులయ్యేసరికి నా ప్రాణం ఎక్కడుందో నాకే తెలీదు.

"మిరియాలని మరుసటి వారమే వాసన చూశాను" అంది. "నువ్వెప్పుడు చెప్తావా అని కుండీకి నీళ్లు పోస్తున్నా. రా."

గట్టు పక్కకి తీసుకెళ్లింది. అక్కడ ఎవరో పగిలిన పెంకులు చుట్టూ గుచ్చి ఉంచారు, ఎందుకా అని నేనెప్పుడూ అడగలేదు. లోపల, కత్తుల్లాంటి సన్నటి ఆకులు, నాలుగు. ఆ చలిలో బయటే పడుంటే ఫ్రిజ్‌తో పనేముంది వాటికి? నేను అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. ఆ రాత్రి రెండుసార్లు వడ్డించుకు తిన్నా. ఆవిడేమో తల నిమురుతుందనుకున్నావా? "ఏడుపాపి కాలు పక్కకి తియ్యి, నీ మడమ దగ్గర ఇంకోటుంది" అంది.

ఐదు...

మూడో ఏడు పూసినప్పుడు రంగు కాస్త లేతగా వచ్చింది, వాళ్లమ్మ దానంత ముదురు కాదు. ఆవిడ మాత్రం అచ్చం వాళ్లమ్మదే అనేది... సరేలే, ఈ డబ్బాలోవి వాటి గింజలే. తలుపు వెయ్యి ముందు, చల్లదనమంతా పోతోంది.